పేగుల్లో తీపి గ్రాహకాలు

తీపిని గుర్తించే టీ1ఆర్2, టీ1ఆర్3 ప్రోటీన్ల జంట నాలుక మీదే కాక చిన్నపేగు లోపలి పొరలోనూ ఉంటుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లలో ఊరిబిండి నంజుకుని తినే రాగిసంగటి నోటికి తియ్యగా ఉండదు. పేగులోకి దిగాక దాని పిండిపదార్థం గ్లూకోజుగా విడిపోతుంది. అప్పుడు పేగు గోడలోని ఎల్-కణాలు ఆ గ్లూకోజును గుర్తించి జీఎల్‌పీ-1 హార్మోన్‌ను వదులుతాయి. జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది, ఆకలి తగ్గుతుంది. రుచి సంకేతాన్ని కణంలోపలికి చేరవేసే గస్ట్‌డ్యూసిన్ లేని చిట్టెలుకల్లో ఈ జీఎల్‌పీ-1 స్పందన లోపించిందని 2007లో వెల్లడైంది. అయినా ఘనతంతా తీపి గ్రాహకాలదే అనడం తొందరపాటు. గ్లూకోజును కణంలోకి లాగే ఎస్‌జీఎల్‌టీ-1 ప్రోటీన్ వాటా చాలా పెద్దది. కృత్రిమ తీపి పదార్థమైన సుక్రలోజ్‌ను గొట్టం ద్వారా నేరుగా మనుషుల జీర్ణాశయంలోకి పంపి చూసినా జీఎల్‌పీ-1 పెరగలేదు.