అక్కర్లేని విలువల్ని ఎక్కడ పారెయ్యాలి?

ఎడ్మంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ అల్బెర్టాకి చదువుకోడానికొచ్చే మన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అంకుల్, ఫంక్షన్ ఇచ్చిన విలువ నాకు అక్కర్లేదు. కంపైలరేమో ఊరుకోదు. ఏం చెయ్యను?"

సి ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీలో దీనికి 'ఇగ్నోర్' ఉంది. బూస్ట్ టపుల్ లైబ్రరీ నుంచి 2011 ప్రమాణంలోకొచ్చింది. ఏ విలువిచ్చినా పుచ్చుకుంటుంది, దేన్నీ దాచుకోదు. సెట్‌లో ఇన్సర్ట్ చేస్తే ఇటరేటరూ, అంశం కొత్తగా చేరిందా లేదా అన్న బూలియనూ జంటగా వస్తాయి. రెండోదే కావాలంటే 'టై'లో మొదటి చోట ఇగ్నోర్ పెడితే సరి. 2017 నాటి స్ట్రక్చర్డ్ బైండింగ్‌లో మాత్రం ఇది కుదరదు, ఏదో ఒక పేరు పెట్టాల్సిందే.

అదే 2017లో 'నోడిస్కార్డ్' వచ్చింది, విలువని వదిలేస్తే హెచ్చరించమని. 2020 ప్రమాణంలో దాన్ని వెక్టర్ 'ఎంప్టీ'కి తగిలించారు (ఎంప్టీ అంటే ఖాళీ చెయ్యడం అనుకునేవాళ్ళు తక్కువేం కాదు!), 'అసింక్'కి కూడా.

అసలు చిక్కు అసింక్‌తోనే. వేరే థ్రెడ్‌లో నడపమని చెప్పి, అదిచ్చే ఫ్యూచర్‌ని ఇగ్నోర్‌కి అప్పగిస్తే హెచ్చరిక పోతుంది. కానీ ఆ ఫ్యూచర్ ఆ వాక్యం చివరే నశిస్తుంది, నశించే ముందు పని పూర్తయ్యేదాకా ఆగుతుంది. పక్కపక్కన నడవాల్సిన పనులు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. జవాబు సరిగానే వస్తుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. అక్కడ ఫలితం అక్కర్లేకపోయినా సరే, ఫ్యూచర్‌కి ఒక పేరు పెట్టి ఉంచుకోండి.