బంగారువన్నె ఔషధము

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు తెలుగువారికి సుపరిచితమే. ఆయన పరిశోధనాధిపతిగా నున్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలనుండి 1948లో ఆరియోమైసిన్ అను ఔషధము వెలువడినది. అది పెక్కుమంది ప్రాణములను కాపాడినది. కాని సూక్ష్మజీవులను అది ఏ విధముగా అరికట్టుచున్నదో నాడు విజ్ఞులకు సైతము తెలియదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెనిసిలిన్ విశేషఖ్యాతి నార్జించినది. అయినను క్షయక్రిములపై అది పనిచేయలేదు. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అను యువకుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిన్ కనుగొనగా, పరిశోధకుల దృష్టి మట్టిపై మరింతగా నిలిచినది. డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ లెడర్లీలో చేరి, పలుతావుల మట్టిని తెప్పించి పరీక్షించెను. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయమువారి సాన్‌బోర్న్ పొలపు మట్టిలో పసిడిచాయగల సూక్ష్మజీవి యొకటి దొరకినది. లాటిన్ భాషలో ‘ఆరమ్’ అనగా బంగారము. ఔషధనామమునకు మూలమదియే. మందును కనుగొన్న ఘనత డగ్గర్‌ది; అక్కడి పరిశోధనలను నడిపిన ఘనత సుబ్బారావుగారిది. ఒకరి కీర్తిని మరొకరికి కట్టబెట్టనక్కరలేదు. మందు లోకమునకు వెల్లడియైన 1948లోనే, ఆగస్టు మాసమున, సుబ్బారావుగారు కన్నుమూసిరి.

ఇక ఆ మందు పనిచేయు తీరు. ప్రతి జీవకణములోను రైబోసోములను అతిసూక్ష్మరేణువులు కలవు. 1955లో జార్జి పలాడే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూచి వీనిని వర్ణించెను. మాంసకృత్తులు తయారగునది వీనియందే. ముద్రణాలయములో అక్షరములు కూర్చువానివలె రైబోసోము వ్రాతప్రతిని చదువుచు, అమైనో ఆమ్లములను ఒకదాని ప్రక్క నొకటి చేర్చును. ఆరియోమైసిన్, దాని జాతికి చెందిన టెట్రాసైక్లిన్ మందులు, క్రొత్త అక్షరము వచ్చి నిలువవలసిన చోటును ఆక్రమించును. కూర్పు ఆగిపోవును, సూక్ష్మజీవి పెరుగుదల నిలిచిపోవును. స్ట్రెప్టోమైసిన్ వ్రాతప్రతిని తప్పుగా చదివించును. సన్నిపాతజ్వరమున వాడిన క్లోరాంఫెనికాల్ అక్షరములు ఒకదానితో నొకటి అతుకకుండ చేయును.

మన కణములలోను రైబోసోములు కలవు గదా, మనకు హాని కలుగదా యను సందేహము సహజము. మన రైబోసోముల నిర్మాణము కొంత వేరు. అంతేగాక టెట్రాసైక్లిన్‌ను బాక్టీరియా తనలోనికి విశేషముగా చేర్చుకొనును. ఈ వ్యత్యాసమే మనకు రక్ష.

టెట్రాసైక్లిన్ రైబోసోములో ఎచట కూర్చుండునో 2000 సంవత్సరమున చిదంబరమున జన్మించిన వెంకీ రామకృష్ణన్ బృందము ఎక్స్‌రేల సాయమున చూపినది. రైబోసోముల పరిశోధనకై ఆయనకు, థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లతో కలిపి, 2009లో నోబెల్ బహుమానము లభించినది. మందు పుట్టిన అర్ధశతాబ్దమునకు గాని దాని స్థానము కంటికి కట్టలేదు.

ఈలోగా సూక్ష్మజీవులు ఊరకుండలేదు. 1950 తరువాతి దశకముననే జపానులో రక్తవిరేచనములు కలిగించు క్రిములు పలుమందులకు లొంగక నిలిచినవి. కొన్ని బాక్టీరియాలు టెట్రాసైక్లిన్‌ను వెలుపలికి తోడివేయును; కొన్ని రైబోసోమునుండి దానిని పెకలించును. అవసరము లేనిచోట మందు వాడిన కొలది ఇట్టి క్రిములే మిగిలి వృద్ధిచెందును. జలుబువంటి వైరస్ వ్యాధులకు ఈ మందులు పనిచేయవు. వైద్యుడు చెప్పినప్పుడు మాత్రమే, చెప్పిన రీతిగా వాడుట మన యింటి క్షేమమునకేగాక పొరుగింటి క్షేమమునకును అవసరము.