నీడ మనిషిని పొడిస్తే

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఇచ్చే గడువు 60 నిమిషాలు. అనంతపురంలో మా స్కూల్ కంప్యూటర్ పీరియడ్ 40. మధ్యలో కరెంటు పోతే (ఎండాకాలం పోయేది కూడా) మళ్లీ మొదటి లెవెలే. మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జి నొక్కితే సేవ్ అవుతుందని ఎవరికి తెలుసు? కాపీ కొట్టిన ఫ్లాపీతో మాన్యువల్ రాదు కదా!

జోర్డాన్ మెక్నర్ దీన్ని 1989లో ఆపిల్ 2 మీద తెచ్చాడు. తమ్ముడు డేవిడ్ పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూసి రాకుమారుణ్ని గీశాడు. ఆ బొమ్మలే మెమరీ అంతా తినేశాయి. శత్రువుకి చోటు లేదు. అప్పుడు రాకుమారుడి బొమ్మనే ఒక బిట్ పక్కకి జరిపి, దాంతోనే ఎక్సార్ చేశాడు. మినుకుమినుకుమంటూ నీడ మనిషి పుట్టాడు. ప్రోగ్రామర్‌గా నాకు ఇప్పటికీ అబ్బురమే.

నాలుగో లెవెల్లో మనం అద్దంలోంచి దూకితే వాడు అటువైపు బయటపడతాడు. పన్నెండులో కత్తితో ఎదురొస్తాడు. వాణ్ని పొడిస్తే మన ప్రాణమే తగ్గుతుంది. కత్తి ఒరలో పెట్టి, నడిచి వెళ్లి వాడిలో కలిసిపోవాలి.

నేల ముళ్లు, కోసేసే తలుపులు ఉత్త క్రూరత్వం అంటే ఒప్పుకుంటాను. ఈ చిక్కుముడి మాత్రం న్యాయమైనదే, జవాబు అద్దం దగ్గరే చూపించాడు కాబట్టి.

నేను చూడలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ ‘మెగాహిట్’ కిటుకు చెప్పాడు. షిఫ్ట్, ఎల్ నొక్కుతూ నాలుగో లెవెల్ని క్షణంలో దాటేశాను. పన్నెండులో ఆ రాత్రంతా వాణ్ని పొడుస్తూ, చస్తూనే ఉన్నాను.