స్టార్చ్‌కు 'అంటు' కడితే.. చిటికెడు పొడి వందల రెట్ల నీళ్లు తాగేస్తుంది! ఎలాగంటే..

మామిడికి అంటు కట్టడం తెలిసిందే. రసాయన శాస్త్రవేత్తలు పిండి పదార్థానికీ, అంటే స్టార్చ్‌కూ ఇలాగే అంటు కడతారు. దాని పేరు గ్రాఫ్ట్ కోపాలిమరైజేషన్. ఇందులో స్టార్చ్ గొలుసు కాండమైతే, దాని మీద మొలిచే కృత్రిమ పాలిమర్ గొలుసులు కొమ్మలు.

ఇంత శ్రమ ఎందుకంటే.. మొక్కజొన్న, కర్రపెండలం పిండి చవకే గానీ మామూలుగా చల్లటి నీళ్లలో కరగదు. ఉడికించి గంజి చేస్తే నిల్వ ఉండదు, త్వరగా పాడవుతుంది. పరిశ్రమలకు అది చాలదు.

దీనికి బాగా పేరొచ్చిన ఉదాహరణ 'సూపర్ స్లర్పర్'. 1970ల్లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన పియోరియా ల్యాబ్‌లో ఇది పుట్టింది. మిగులు పంటలకు కొత్త ఉపయోగాలు వెతకడమే ఆ ల్యాబ్ పని. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిలిన్ ఉత్పత్తి పెంచే దారి చూపిందీ ఇదే.

తయారీ ఇలా ఉంటుంది. మొక్కజొన్న స్టార్చ్‌ను నీళ్లలో ఉడికించి చల్లార్చి, సీరియం లవణం కలుపుతారు. అది స్టార్చ్ గొలుసు మీద ఫ్రీ రాడికల్స్‌ను, అంటే చర్యకు సిద్ధంగా ఉండే చోట్లను పుట్టిస్తుంది. అక్రిలోనైట్రైల్ అణువులు అక్కడ ఒకదాని వెనుక ఒకటి అతుక్కుని గొలుసుగా పెరుగుతాయి. తర్వాత దాన్ని క్షారంలో ఉడికిస్తారు. ముందు ముదురు ఎరుపు రంగుకు తిరిగి, చర్య పూర్తయ్యేకొద్దీ లేత పసుపుకు వస్తుంది. పని అయ్యిందో లేదో చూడ్డానికి ఆ రంగే గుర్తు! అప్పటికి కొమ్మల నిండా నీటిని లాగే గ్రూపులు ఏర్పడతాయి. ఎండబెట్టిన ఆ పొడి స్వచ్ఛమైన నీటిని తన బరువుకు వందల రెట్లు పీల్చి జెల్‌లా ఉబ్బుతుంది.

విత్తనాలకు పూతగా, నారు వేర్లు తడి ఆరకుండా, ఇంధనంలో చేరిన నీటిని తీసే ఫిల్టర్లలో దీన్ని వాడారు. డైపర్లలో మాత్రం స్టార్చ్ లేని పాలీఅక్రిలేట్లదే పైచేయి అయ్యింది. ఇక అక్రిలమైడ్‌తో అంటు కట్టిన స్టార్చ్‌ది వేరే పని. మురుగునీటిలోని సన్నటి మలినాలను ముద్దలు చేసి అడుగుకు దించుతుంది. ఈ రకం పదార్థాలపై మన ఐఐటీ ఖరగ్‌పూర్‌లోనూ పరిశోధనలు జరిగాయి.

అయితే చిక్కులు తక్కువేం కాదు. ఉప్పు నీళ్లు తగిలితే పీల్చే శక్తి బాగా పడిపోతుంది. కాబట్టి ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు పారే పొలంలో 'వందల రెట్లు' అన్న లెక్క పనిచేయదు. అక్రిలోనైట్రైల్ విషపదార్థం, క్యాన్సర్ కారకం కూడా. 2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని గ్రూప్-1లో చేర్చింది. బదులుగా అక్రిలమైడ్ వాడదామంటే అదీ నరాలకు హాని చేసేదే. అందుకే చర్య జరగకుండా మిగిలిపోయిన రసాయనాన్ని పూర్తిగా కడిగేయడం తయారీలో కీలకం.

'స్టార్చ్‌తో చేసింది, నేలలో కలిసిపోతుంది' అన్న మాటలోనూ సగమే నిజం. సూక్ష్మజీవులు స్టార్చ్ భాగాన్ని తినేస్తాయి. కృత్రిమ కొమ్మలు మాత్రం చాలాకాలం మట్టిలోనే ఉండిపోతాయి.