సురభి కమలాబాయి: వెండితెర మాటున రంగస్థలం

నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానాన్ని పాలించినవారి ఇంటిపేరు సురభి. ‘చంద్రికాపరిణయ’ కర్త సురభి మాధవరాయలు ఆ వంశీయుడే. నటి కమలాబాయి పేరులోని సురభికి దానితో సంబంధం లేదు. అది కడప జిల్లాలోని ఒక గ్రామనామం. 1885లో అక్కడ ‘కీచకవధ’ ప్రదర్శనతో వనారస వారి కుటుంబ నాటక సమాజం మొదలైంది. ఊరిపేరు సమాజానికి, సమాజం పేరు నటులకు సంక్రమించాయి.

సినిమా చరిత్రకారులు కమలాబాయిని తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నాయికగానే స్మరిస్తారు. ఆ చిత్రం 1931లో విడుదలైందా, 1932లోనా అన్న చర్చకు లభించిన శ్రద్ధ ఆమె రంగస్థల జీవితానికి లభించలేదు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించడం ఆనవాయితీగా ఉన్న కాలంలో సురభి వారు ఆ పాత్రలను తమ ఇంటి ఆడవారికే అప్పగించారు. కమలాబాయి అభినయం రూపుదిద్దుకున్నది ఆ వాతావరణంలోనే. నాటకంలో బాల్యాన ప్రహ్లాదుని పాత్ర ధరించిన ఆమె తెరపై అతని తల్లి లీలావతి అయింది. చిత్రానికి మూలం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకమే. కాబట్టి అది కొత్త కళలోకి ప్రవేశం అనడం కంటే, పాత నాటకంలోనే పాత్ర మార్పు అనడం సమంజసం. 1951 నాటి ‘పాతాళభైరవి’లోనూ ఆమెది తోటరాముని తల్లి పాత్రే.