కళాభారతి: ఒక భావినీ సంజ్ఞ

కట్టడమునకును దాని పేరునకును గల పౌర్వాపర్యము చరిత్రకారునకు ముఖ్యమైన విచారణీయాంశము. హైదరాబాదు నగరమున నీ సంబంధము మూఁడు విధములఁ గానవచ్చుచున్నది.

1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్ షాహు నిర్మించిన చార్మినారునకుఁ బేరు రూపమునుబట్టి కలిగినది. చార్ అనఁగా నాలుగు. మినార్ అనఁగా స్తంభాకారమైన గోపురము. ఇచట నామము వస్తువు ననుసరించినది. రవీంద్రభారతి రవీంద్రనాథ ఠాకూరు శతజయంతిని బురస్కరించుకొని 1961లో వెలసినది. ఇచట నామమును వస్తువును గలసి పుట్టినవి.

మూఁడవది తెలంగాణ కళాభారతి. 2014లోఁ దెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిదప, రాజధానికిఁ దలమానికముగా నొక సాంస్కృతిక కేంద్రమును గట్టవలెనని ప్రభుత్వము 2015లో సంకల్పించెను. ఇందిరా పార్కు చెంతనున్న ఎన్.టి.ఆర్. స్టేడియము, సుమారు 14 ఎకరముల మైదానము, దానికి నిర్దేశింపఁబడెను. 3000, 1500, 1000, 500 మంది కూర్చుండఁదగు నాలుగు సభామందిరములు ప్రణాళికయందుఁ జేర్పఁబడెను. కట్టడము లేవలేదు, పేరు మాత్రము మైదానమున నిలిచినది. అచట జరుగు హైదరాబాదు పుస్తకప్రదర్శనపుఁ బ్రకటనలలోఁ గళాభారతి స్థలనామముగాఁ గానవచ్చుచున్నది.

ఇట్టి నామమును వైయాకరణులు భావినీ సంజ్ఞ యందురు. నేఁతగానికి నూలిచ్చి వస్త్రము నేయుమన్నచో, అది వస్త్రమేయైన నేయనక్కఱలేదు. నేయవలసినదైన నింకను వస్త్రము గాదు. కావున నేసినపిమ్మట దేనికి వస్త్రమను పేరు గలుగునో దానిని నేయుమని యర్థమని పతంజలి మహాభాష్యమున సమాధానము చెప్పెను. ఆ దృష్టాంతమున నేఁతగాఁడు పని ముగించును. మగ్గము నిలిచిపోయినచో నా సంజ్ఞకు గతి యేమి?

ఇందులకు గజ్వేలు ప్రత్యుదాహరణము నొసఁగుచున్నది. నాఁటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు శాసనసభయందుఁ బ్రాతినిధ్యము వహించిన యీ సిద్దిపేట జిల్లా పట్టణమున 'మహతి' యను సభామందిరమును ఆయనయే 2019 డిసెంబరు 11వ తేదీని బ్రారంభించెను. మహచ్ఛబ్దమునకు స్త్రీలింగరూపము మహతి. అది నారదుని వీణకు రూఢనామము. మాఘుఁడు శిశుపాలవధ ప్రథమసర్గమున దీనిని బేర్కొనెను. రాజధానిలోని మందిరము సంకల్పముగానే యుండఁగా, చిన్న పట్టణమున మందిరము సిద్ధించినది.

స్థలనామములనుబట్టి గతమును నిర్ణయించువా రిందు గ్రహింపవలసిన దొకటి కలదు. రాఁబోవు తరముల పరిశోధకుఁడు పాత ప్రకటనలలోఁ గళాభారతి పేరు చూచి, అచటఁ బూర్వమొక మహామందిర ముండి శిథిలమయ్యెనని యూహించుట సులభము. ప్రాచీనశాసనములలోని మండపనామములనుబట్టి నేఁడు చేయు నూహలకును ఈ ప్రమాదము కలదు. నామము సంకల్పమునకు మాత్రమే సాక్ష్యము. నిర్మాణమునకు వేఱు సాక్ష్యము వలయును.

అయినను భారతి యనఁగా వాక్కు, సరస్వతి. ఆ మైదానమున గోడలు లేవకున్నను, పుస్తకము లమ్ముడుపోవుచున్నంతవఱకు నా పేరులోని యుత్తరపదమునకైనను అర్థము గలదు.