పాశ్చాత్య మంత్రవిద్యలో అక్షరాభ్యాసం

పాశ్చాత్య మంత్రవిద్య అనగానే మనకు ముగ్గులూ, కత్తులూ, ఆవాహనలూ తోస్తాయి. 1888లో లండన్‌లో వెస్ట్‌కాట్, మేథర్స్, వుడ్‌మన్ అనే ఫ్రీమేసన్‌లు స్థాపించిన ‘గోల్డెన్ డాన్’ రహస్య సంఘంలో మాత్రం కొత్తవారికి తొలి పాఠాల్లోనే హీబ్రూ అక్షరమాల ఉండేది. 22 అక్షరాల పేర్లూ, సంఖ్యావిలువలూ కంఠస్థం చేసి పరీక్షలో నెగ్గితేనే పైమెట్టు. 1890లో చేరిన కవి యేట్స్‌కూ అంతే.

హీబ్రూలో ప్రతి అక్షరమూ ఒక అంకె. ‘ఒకటి’ అని అర్థమిచ్చే ఎఖాద్ 1+8+4. ‘ప్రేమ’ అనే అహవా 1+5+2+5. రెండూ 13 కనుక రెంటికీ అంతర్గత బంధుత్వం ఉందంటారు. మన కటపయాది కూడా అక్షరానికి అంకె కడుతుంది. మాయామాళవగౌళలో మ 5, య 1. తిప్పి చదివితే 15, అదే మేళకర్త సంఖ్య. అయితే ఇక్కడ అంకె జ్ఞాపకానికి సాయం, అక్కడ అర్థానికే ప్రమాణం. రెండూ ఒకటేననే వాదం మాకు సమ్మతం కాదు.

సంఘానికి అధికారం అన్నా స్ప్రెంగెల్ అనే జర్మన్ సిద్ధురాలి ఉత్తరాల ద్వారా సంక్రమించిందని వెస్ట్‌కాట్ చెప్పుకున్నాడు. అవి అతని కల్పనేనని 1900లో సాటి స్థాపకుడు మేథర్సే ఆరోపించాడు. ఆ ఏడే సంఘం చీలింది. ఆ ఉత్తరాల జర్మన్ భాషలో ఇంగ్లీషు నుడికారం పైకి తేలుతున్నదనీ, అది జర్మన్ మాతృభాషగా గలవారి రాత కాదనీ 1972లో ఎలిక్ హోవ్ గ్రంథం చూపింది. ఈ విద్యను కొత్తగా చదవబూనేవారు ముందు ఆ గ్రంథాన్ని చూసి, తరువాత ఇజ్రాయెల్ రెగార్డీ 1937–40 మధ్య అచ్చువేసిన విధానాల సంపుటాలు తెరవడం మేలని మా అభిప్రాయం.